కన్నబిడ్డ‘ల్లా’

జర్మనీలో మా హానోవర్ తెలుగువాళ్ళలో ఇప్పుడు తిరుగుతున్న కథ ఇది. ఒక తల్లి ఉంది, నోటి దురుసుది. ఎప్పుడో ఎమ్మే హిస్టరీ చదివానన్న పొగరు ఇంకా దిగలేదు. ఆవిడ పద్నాలుగేళ్ళ కూతురికి లేనిపోనివన్నీ నూరిపోసి ఉగాది ఫంక్షన్‌లో స్టేజి ఎక్కించింది. ఆ పిల్ల అంతమంది చిన్నపిల్లల ముందు అమెరికా మూడో అధ్యక్షుడి పడకగది సంగతులు మాట్లాడింది. ఫంక్షన్ పాడైంది.

ఈ కథలో నోటి దురుసు ఒక్కటే నిజం. పడకగది అన్న మాట నా కూతురి నోట్లోంచి రానే లేదు. ఆ మాటకు తెలుగు దానికి ఇప్పటికీ తెలీదు. అది కథ చెప్పేవాళ్ళ మాట. ఫంక్షన్ కూడా పాడవలేదు. ఆ తర్వాత గంటన్నర డాన్సులు జరిగాయి, పులిహోర చాలక రెండోసారి కలిపారు. ఇక నేను నూరిపోశానన్నది అన్నిటికంటే పెద్ద తప్పు. నా కూతురికి నేను నేర్పింది అబద్ధం. నిజం అది సొంతంగా తెచ్చుకుంది. నాకు మండుతున్నది అక్కడే. తిట్టదలుచుకుంటే నన్ను సరైన తప్పుకు తిట్టాలి కదా!

మా సంఘం శనివారాలు ఒక బడిగది అద్దెకు తీసుకుని పిల్లలకు తెలుగు చెప్పిస్తుంది. ఈ ఊళ్ళో ఉన్నది అదొక్కటే క్లాసు. దాన్ని నడిపేది సంఘం సెక్రటరీగారు. యాభై దాటినాయన, విజయవాడ వైపు మనిషి. మంచు కురిసినా, ట్రామ్‌లు ఆగినా పది గంటలకల్లా తాళంచెవితో గుమ్మం దగ్గర ఉంటాడు. ఈ మాట ముందే చెప్తున్నాను, ఎందుకంటే తర్వాత ఆయన్ని ఏమన్నా అంటే ఋణం మర్చిపోయానని అంటారు. మర్చిపోలేదు. ఆ క్లాసు వల్లే నా కూతురు "తిన్నావా" అంటే "యా" అనడం మానేసి "తిన్నాను, కొంచెం" అనే దాకా వచ్చింది. ఇంట్లో తెలుగు మాట్లాడితే జర్మన్‌లో జవాబిచ్చే పిల్లతో నాలుగేళ్ళు వేగినవాళ్ళకు ఆ "కొంచెం" ఎంతో తెలుస్తుంది.

ఈసారి ఉగాదికి పిల్లలందరూ ఒక్కో మహనీయుడి మీద ఐదు నిమిషాలు తెలుగులో మాట్లాడాలన్నారు. స్టీలు డబ్బాలో చీటీలు వేశారు. మా దానికి అమెరికా మూడో అధ్యక్షుడు తగిలాడు. సెక్రటరీగారు తెగ సంబరపడ్డారు. "మన ఊరి కనెక్షనమ్మా! ఆయన ఏ రాజు మీద తిరగబడి స్వాతంత్ర్య ప్రకటన రాశాడో, ఆ రాజుది మన హానోవర్ వంశమే!" అన్నారు.

నాకు అధ్యక్షుడితో పని లేదు, రాజుతోనూ లేదు. నాకు కావలసింది ఒక్కటే. ఆ పిల్ల ఐదు నిమిషాలు నిలబడి తెలుగులో మాట్లాడాలి. ఇంకో రెండేళ్ళు పోతే నా మాట అసలు వినదు. ఇప్పుడు దాని నాలుక మీద తెలుగు నిలవకపోతే ఇక నిలవదు. నా ఆరాటమంతా అదే.

అది ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకుంది. నేను తెలుగు లిపిలోకి మార్చాను. చదివితే మూడున్నర నిమిషాలే వచ్చింది. ఇంకో నిమిషన్నర సరుకు కావాలి. దాన్ని అడగలేదు, పుస్తకం తెరవలేదు. నా బుర్రలోంచి దించేశాను. ఎమ్మే రెండో సంవత్సరంలో హాస్టల్ డాబా మీద అటూ ఇటూ తిరుగుతూ గైడులోంచి బట్టీపట్టిన జవాబు అది. ఇరవై ఐదేళ్ళు దాటినా ఒక్క ముక్క చెక్కుచెదరలేదు. స్వేచ్ఛాప్రియుడు, సమానత్వ ప్రబోధకుడు, బహుముఖ ప్రజ్ఞాశాలి, బానిసత్వమంటే లోలోపల ఏవగింపు కలవాడు. చివర్లో ఈ వాక్యం: "తన బానిసలను కన్నబిడ్డల్లా చూసుకున్నాడు."

దాన్ని ‘చూసుకున్నారు’ అని మార్చాను. పిల్ల రాసుకున్న దాంట్లో కూడా ‘అతను’ ఉన్నచోటల్లా ‘ఆయన’ చేశాను.

"ఎందుకు?" అంది.

"గొప్పవాళ్ళను ఆయన అంటారు."

"గొప్పవాళ్ళని ఎవరు చెప్తారు?"

"చీటీలో వచ్చాడు కదా, గొప్పవాడే. నువ్వు చదువు."

రిహార్సల్‌లో సెక్రటరీగారు కళ్ళు మూసుకుని విన్నారు. "అద్భుతం తల్లీ. ఆ కన్నబిడ్డల్లా అన్న ముక్క దగ్గర మానవత్వం ఉట్టిపడుతోంది. అక్కడ కొంచెం ఆగి చెప్పు" అన్నారు. నేను సిగ్గు లేకుండా పొంగిపోయాను.

రెండు రోజుల తర్వాత వంటింట్లో నేను చపాతీలు వత్తుతున్నాను. అది స్టూలు మీద కూర్చుని కాగితం అప్పజెప్తోంది.

"మమా, కన్నబిడ్డ అంటే ఏంటి?"

"నేను నిన్ను కన్నాను కదా. నువ్వు నా కన్నబిడ్డవు."

"లైబ్లిషెస్ కిండ్?"

"ఆఁ, అదే. సొంత రక్తం."

"మరి ‘లా’ ఎందుకు పెట్టావ్?"

"లా అంటే, మాదిరి. సొంత పిల్లల మాదిరిగా చూసుకున్నాడని."

"‘లా’ నాకు తెలుసు, మమా. ఎందుకు పెట్టావ్ అంటున్నా. వాళ్ళు డొఖ్ కన్నబిడ్డలే."

డొఖ్ అనే జర్మన్ మాట పడిందంటే ఎదుటివాళ్ళు చెప్పింది తప్పు, తను చెప్పింది ఒప్పు అని ఆ పిల్ల తీర్మానించేసుకుందని అర్థం. రోజుకు పాతికసార్లు వింటాను. కానీ ఈసారి చపాతీ కర్ర పక్కన పెట్టి, "ఏందీ?" అన్నాను.

అది నాకు విడమరిచి చెప్పింది. నేను పనిచేసే కీటాలో, అంటే పసిపిల్లల బడిలో, నాలుగేళ్ళ పిల్లలకు చెప్పినట్టు, అంత ఓపిగ్గా. వాళ్ళ బడిలో హిస్టరీ టీచర్ రెండు కాగితాలు పంచిందట. ఒకదాని మీద మనుషులంతా సమానమని ఆ అధ్యక్షుడు రాసిన ప్రకటన. రెండోదాని మీద, ఆయన ఇంట్లోనే బానిసగా పుట్టిన ఒక కొడుకు ముసలితనంలో చెప్పుకున్న తన కథ. అధ్యక్షుడి భార్య చనిపోయింది. ఆ భార్య తండ్రికి ఒక బానిస స్త్రీ వల్ల పుట్టిన పిల్ల ఆ ఇంట్లోనే బానిసగా ఉంది. అంటే భార్యకు సవతి చెల్లెలు, మన వరసల్లో ఆయనకు మరదలు. ఆయన ప్యారిస్‌లో రాయబారిగా ఉన్నప్పుడు, ఆయన చిన్నకూతురికి తోడుగా ఆ పిల్లను ఓడెక్కించి పంపారు. తర్వాత ఆమెకు పిల్లలు పుట్టారు. తండ్రి ఆయనే. తల్లి బానిస కాబట్టి చట్టం ప్రకారం ఆ పిల్లలూ బానిసలే.

"ప్యారిస్ వెళ్ళినప్పుడు ఆ పిల్లకు ఎన్నేళ్ళు?"

"పద్నాలుగు. నా అంత."

ఆయనకు అప్పుడు నలభై నాలుగు.

ఇది విని నేను మొట్టమొదట అన్న మాట ఏమిటో దాచకుండా రాస్తాను. "బడిలో ఇట్లాంటివి చెప్తారా?" అన్నాను. ఎమ్మే హిస్టరీ! సెక్రటరీగారు తర్వాత నాతో అన్నదీ దాదాపు ఇదే. ఆయనకంటే ముందు నేనే అనేశాను.

"ఎస్ ఇస్ట్ డొఖ్ గెషిష్ట, మమా" అంది నా కూతురు. హిస్టరీయే కదమ్మా, అని. కాగితం మడిచి తన గదిలోకి వెళ్ళిపోయింది.

తర్వాత రెండు రోజులు కీటాలో మధ్యాహ్నం పిల్లలు పడుకున్న వేళ, వాళ్ళ బుల్లి కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని, ఫోన్‌లో దొరికినదంతా చదివాను. ఆ స్త్రీ వంశంవాళ్ళు తరతరాలుగా ఈ మాట చెప్తూనే ఉన్నారు. పెద్ద పెద్ద చరిత్రకారులు నమ్మలేదు. ఎందుకయ్యా అంటే, అంత గొప్ప శీలవంతుడు అలా చేసి ఉండడట. అదీ వాళ్ళ ఆధారం! మా గైడు రాసినవాడూ, ఆ చరిత్రకారులూ ఒకే హాస్టల్ డాబా మీద తిరిగినట్టున్నారు. చివరికి నేను ఎమ్మే పరీక్షలు రాసిన రోజుల్లోనే అక్కడ రెండు వైపుల వంశాలవాళ్ళకూ రక్తం తీసి డీఎన్ఏ పరీక్ష చేశారు. పాత కాగితాలతో కలిపి చూసుకున్నాక చాలామంది చరిత్రకారులు ఒప్పుకున్నారు. అంటే నేను కన్నబిడ్డల్లా అని రాసి ఫస్ట్ క్లాసు తెచ్చుకున్న రోజుల్లోనే ఆ మాట అబద్ధమని తేలిపోయింది. మాకు సమాచారం అందలేదు. అందినా పేపరు దిద్దినాయన మార్కులు తీసేసేవాడు కాడు, ఇప్పుడు నాకు ఆ సంగతి బాగా తెలుసు.

ప్యారిస్‌లో ఆమె కావాలంటే స్వేచ్ఛ అడగగలిగేది. అక్కడ బానిస చట్టం చెల్లదు. ఆ కొడుకు చెప్పినదాని ప్రకారం ఆమె కడుపుతో ఉండి, ఆయనతో వెనక్కి రానని మొండికేసింది. పుట్టబోయే పిల్లలను పెద్దయ్యాక విడిచిపెడతానని మాట తీసుకున్నాకే వచ్చింది. పదహారేళ్ళ పిల్ల, ఇంటికి వేల మైళ్ళ దూరంలో, మనుషులంతా సమానమని రాసిన మనిషితో అలా బేరమాడింది. ఆ కొడుకులను విడిచిపెట్టమని ఆయన వీలునామాలో రాశాడు. ఆమె పేరు రాయలేదు. మిగతా బానిస కుటుంబాలను ఆయన పోయాక వేలం వేశారు.

ఆ మనిషి కన్నబిడ్డలను బానిసల్లా చూశాడు. మా గైడు దాన్ని తిరగేసి బానిసలను కన్నబిడ్డల్లా చూశాడని రాసింది. ‘లా’ అని ఒక్క అక్షరం తగిలించి ఎంత పని చేశారో చూడండి! ఆ ఒక్క అక్షరం వల్ల తండ్రి దయామయుడైపోయాడు, పిల్లలు పరాయివాళ్ళైపోయారు, ఆ తల్లి అసలు వాక్యంలోనే లేకుండా పోయింది. ఇంత మాయ చేసే అక్షరాన్ని నేనే నా చేత్తో రాసి, నా కూతురికిచ్చి, అక్కడ కొంచెం ఆగి చెప్పమని ఆయనంటే ఆ ఆగడం కూడా నేర్పించాను.

ఆ వాక్యం తీసి ఆ తల్లీపిల్లల సంగతి రాసి, మార్చిన కాగితం సెక్రటరీగారికి పంపాను. పది నిమిషాల్లో ఫోన్ చేశారు.

"అమ్మా, ఇది పిల్లల ఫంక్షన్."

"మాట్లాడేది పిల్లే కదండీ."

"అది కాదమ్మా. ఆ కాలం అలాంటిది. ఇప్పటి కొలతలతో ఆనాటివాళ్ళను కొలవకూడదు."

"ఆ కాలంలో ఆ పిల్ల కూడా ఉంది కదండీ. ఆమెనడిగితే ఏ కొలత చెప్పేది? ఆయన చుట్టుపక్కలే కొందరు తమ బానిసలను విడిచిపెట్టారు. వాళ్ళదీ ఆ కాలమే."

"అందరిలోనూ ఇలా లోపాలు వెతికితే ఇక మహనీయుడంటూ ఎవరు మిగుల్తారు చెప్పు?"

"మిగలకపోతే డబ్బాలో చీటీలు తగ్గుతాయి. అంతకంటే నష్టమేముంది?"

ఆయన నవ్వారు. చెడ్డమనిషి కాదు, ముందే చెప్పాను. "నీతో గెలవలేనమ్మా. పోనీ, నీదీ వద్దు నాదీ వద్దు. ఆ వాక్యం మొత్తం ఎత్తేద్దాం" అన్నారు.

ఒప్పుకున్నాను. ఎందుకు ఒప్పుకున్నానని నన్ను అడగాల్సినవాళ్ళు ఎవరూ అడగరు. ఆ పిల్ల స్టేజి ఎక్కాలి, తెలుగులో మాట్లాడాలి, అంతే నాకు కనిపించింది. దాని కోసం ఆ తల్లిని మళ్ళీ ఒకసారి వాక్యంలోంచి తీసేయడానికి నేను సై అన్నాను. మా ఆయన పక్కనుంచి, "మంచి పని చేసినవ్. నీకెందుకే ఈ లొల్లి, ఆయన పోయి రెండొందల ఏండ్లాయె" అన్నాడు.

"పొగడనీకి రెండొందల ఏండ్లు అడ్డం రాలే గదా?" అన్నాను. ఛానెల్ మార్చుకున్నాడు.

ఫంక్షన్ చర్చివాళ్ళ హాల్లో. నా కూతురు లంగావోణీలో స్టేజి ఎక్కింది. కంఠతా వచ్చు, కానీ భయమేసింది. సెక్రటరీగారు ప్రింట్ తీసి అక్కడ పెట్టిన కాగితం తీసుకుని చదవడం మొదలుపెట్టింది. బాగా చదివింది. ‘ప్రజాస్వామ్యం’లో ఒత్తులు కూడా సరిగ్గా పడ్డాయి. నాలుగు నిమిషాలకు వచ్చాక నాకు అర్థమైంది. ఆ కాగితం పాతది. "తన బానిసలను కన్నబిడ్డల్లా చూసుకున్నారు" అని చదివింది. మొదటి కాగితమే కంప్యూటర్‌లో ఉండిపోయిందని, పొరపాటున అదే ప్రింట్ అయిందని సెక్రటరీగారు తర్వాత అన్నారు. నేను నమ్మలేదు, ఇప్పటికీ నమ్మను.

పిల్ల ఆగింది. రిహార్సల్‌లో చెప్పిన చోటే ఆగింది కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు. మూడో వరసలోంచి నేను తర్వాతి వాక్యం పెదాలతో అందిస్తున్నాను. అది నా వైపు చూసింది. చూసి, కాగితం కిందకి దించింది.

"ఈ లైన్‌లో ఒక ఫేలర్ ఉంది" అంది. ఫేలర్ అంటే తప్పు. తెలుగు మాట గుర్తు రాలేదు పాపం. ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఇది మా అమ్మ రాసింది. అమ్మకి అప్పుడు తెలీదు. ఇక్కడ ‘లా’ వద్దు. వాళ్ళలో కొంతమంది అతని కన్నబిడ్డలే. కానీ బానిసలు. వాళ్ళ అమ్మ ప్యారిస్ వెళ్ళినప్పుడు పద్నాలుగేళ్ళు. నాకూ పద్నాలుగు. గొప్పవాళ్ళని ఆయన అనాలి అని అమ్మ చెప్పింది. నేను ఆవిడని ఆవిడ అంటాను. అతన్ని అతను అంటాను. నమస్కారం."

వెనక వరసలో నిలబడ్డ స్టూడెంట్ అమ్మాయిలు ముగ్గురు గట్టిగా చప్పట్లు కొట్టారు. తక్కినవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. మైకు పట్టుకున్నాయన "పిల్లలు కదండీ, అమాయకులు" అని తరువాతి డాన్సు పాట పెట్టించేశాడు.

వాళ్ళకు అందులో పడకగది వినిపించింది. నాకేం వినిపించిందో చెప్తాను. నాలుగేళ్ళలో మొదటిసారి నా కూతురు నేను రాసివ్వని తెలుగు మాట్లాడింది. వరసగా, వందమంది ముందు, తన బుర్రలోంచి. ఎవరిని ఆవిడ అనాలో, ఎవరిని అతను అనాలో తనే తేల్చుకుంది. తెలుగు రావడమంటే అదే కదా! నేను కోరుకున్నది సరిగ్గా అదే. వచ్చింది కూడా. వచ్చిన నిమిషంలోనే దాన్ని నేరం చేసేశారు.

భోజనాల లైన్‌లో ఒక అక్క నా ప్లేటులో పచ్చడి వేస్తూ, "ఇంట్లో ఏం మాట్లాడుకుంటారమ్మా మీరు?" అంది.

"చరిత్ర."

"అయినా ఆడపిల్ల నోట ఆ మాటలేంటి?"

"ఆవిడా ఆడపిల్లే కదక్కా."

"ఆవిడెవరు?" అంది అక్క. నిజంగానే అడిగింది. స్పీచ్ అంతా విని కూడా అధ్యక్షుడొక్కడే గుర్తున్నాడు.

నాలుగో రోజున సెక్రటరీగారి నుంచి మెసేజ్ వచ్చింది. కమిటీలో పెద్దలు బాధపడ్డారట. పాప శనివారం క్లాసుకు మళ్ళీ రావాలంటే వాట్సాప్ గ్రూపులో తెలుగులో ఒక చిన్న క్షమాపణ పెట్టాలట. "రెండు లైన్లు చాలమ్మా, నేనే మిగతావాళ్ళకు సర్దిచెప్తాను" అని రాశారు. రెండు లైన్లంటే ఏముంది, పెట్టేయమన్నాడు మా ఆయన. నేనైతే గ్రూపులోంచి బయటికి పోదామన్నాను. పోదామన్నంత తేలిక కాదని నాకూ తెలుసు. నేను నేర్పితే మూడో ఒత్తు దగ్గరే నా గొంతు లేస్తుంది, దానికి ఏడుపొస్తుంది. క్లాసు పోతే తెలుగు పోతుంది.

నా కూతురు మా ఇద్దరి మాటా వినలేదు. "క్లాస్ కావాలి నాకు" అని నోట్‌బుక్ తెచ్చుకుని కూర్చుంది. చాలాసేపు పెన్ను కొరికింది.

"మమా, క్షమాపణ ముందు ‘కి’ కావాలా, ‘తో’ కావాలా?"

"కి. ఫలానావాళ్ళకి క్షమాపణ."

"ఎవరికి?"

సెక్రటరీగారికి ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టాను.

"ఎవరికి ఏంటమ్మా, అందరికీ" అన్నారాయన.

"అందరూ అంటే, అంకుల్?" అంది పిల్ల, తెలుగులోనే.

"అంటే, నొచ్చుకున్నవాళ్ళకి తల్లీ."

"ఎవరు నొచ్చుకున్నారు?"

"ఇప్పుడు పేర్లెందుకులే" అని పెట్టేశారు.

మూడు శనివారాలు గడిచాయి. నోట్‌బుక్‌లో ఒక ఖాళీ, దాని తర్వాత "కి క్షమాపణలు" అని ఉంది. ఖాళీలో అధ్యక్షుడి పేరు రాయాలా? పులిహోర రెండోసారి వడ్డించుకున్నవాళ్ళ పేర్లా? నేనంటే ఎంత కోపమైనా చూపించండి, పడతాను, మళ్ళీ రెండంటాను. కానీ ఆ పిల్లకు తెలుగులో వాక్యం పూర్తి చేయడం నేర్పింది మీరే. సెక్రటరీగారూ, ఆ ఖాళీలో ఎవరిని రాయమంటారు?